పళ్ళదున్న దంతం

అనగనగా, అలల హోరుతో తెల్లారి అలల హోరుతోనే పొద్దుగుంకే ఒక రేవు ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. గేదె కొమ్ములతో దువ్వెనలు చేయడం ఆవిడ పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. కొమ్ముని సెగ మీద మెత్తబరిచి, చెక్కల మధ్య పెట్టి నొక్కి, పలకలా సాపు చేసి, సన్న రంపంతో ఒక్కో పన్నూ కోసేది. ఆవిడ దువ్వెనతో తల దువ్వుకుంటే ఒక్క వెంట్రుక తెగేది కాదట.

ఆవిడ చేతికి ఇంకో విద్య కూడా ఉండేది నాన్నా. కళ్ళు మూసుకుని తడిమి, ఇది ఎద్దు కొమ్ము, ఇది జింక కొమ్ము, ఇది ఒంటె ఎముక అని చెప్పేసేది. ఎప్పుడూ తప్పు పోలేదు.

ఆ ఊరి జమీందారుగారికి వింత వస్తువులంటే ప్రాణం. మేడలో ఒక పెద్ద గది నిండా అవే. అద్దాల బీరువాల్లో ఉష్ట్రపక్షి గుడ్డు ఉండేది, పీటంత తిమింగలం వెన్నుపూస ఉండేది, రంపంలా పళ్ళున్న చేప ముట్టె ఉండేది. ప్రతిదాని కిందా చిన్న కాగితం, కాగితం మీద దాని పేరు. పేరు లేని వస్తువుని ఆ గదిలో పెట్టేవారు కాదు ఆయన.

ఒక ఏడాది నువ్వులు ఎక్కించుకోవడానికి దూరదేశపు ఓడ ఒకటి వచ్చింది. వెళ్ళేటప్పుడు దాని కప్తాను జమీందారుగారికి ఒక కానుక ఇచ్చాడు. పొడుగాటి దంతం. నీ చెయ్యి భుజం నుంచి వేలి కొస దాకా ఎంతుంటుందో, దానికంటే ఇంకాస్త పొడుగు. పాత వెన్నలాంటి రంగు. కొంచెం వంపు. అది ఏ జంతువుదో కప్తాను చెప్పాడు గానీ, ఆ పేరు మన వాళ్ళ నోటికి తిరగలేదు. ఓడ వెళ్ళిపోయింది. మర్నాటికి ఆ పేరు కూడా అందరూ మర్చిపోయారు.

అప్పుడు జమీందారుగారు తెలిసిన వాళ్ళని పిలిపించి, ఇది ఎవరి దంతమో చెప్పమన్నారు.

దివానుగారు చూసి, "ఏనుగుది. ఇంకెవరికి ఉంటుంది ఇంత దంతం? కత్తికి పిడి చేయిస్తే తమ చేతికి అందంగా ఉంటుంది" అన్నారు.

వైద్యుడుగారు చూసి, "కాదు, ఇది మకరం కోర. అరగదీసి పొడి చేస్తే ఎలాంటి జ్వరమైనా దిగుతుంది. నాకొక ముక్క ఇప్పించండి" అన్నారు.

ఆ తర్వాత వేటగాడు చూశాడు. "అడవిపంది కోర బాబూ. పెద్ద కొండంత పందిది. కొస నాకిస్తే తాయెత్తు చేయించుకుంటాను" అన్నాడు.

ముగ్గురూ మూడు మాటలు చెప్పేసరికి జమీందారుగారికి విసుగొచ్చింది. పేరు తేలని దాన్ని బీరువాలో ఎలా పెట్టను, కోసేసి తలొక ముక్కా ఇచ్చేద్దాం అనుకున్నారు. కోయడానికి దాలమ్మని పిలిపించారు.

దాలమ్మ రంపం పట్టుకుని వచ్చింది. దంతాన్ని ఒళ్ళో పెట్టుకుంది. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని ఒకసారి తడిమింది. తడిమి, ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. ఆవిడ చేతికి మొట్టమొదటిసారి ఏమీ తెలియలేదు.

అంత వయసు వచ్చాక, అన్ని వేల కొమ్ములు కోశాక, తెలియనిది ఒకటి ఒళ్ళోకి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. దాలమ్మ రంపం కింద పెట్టేసింది.

"బాబూ, నాకు మూడు రోజులు గడువివ్వండి. ఇది ఏమిటో తెలుసుకుని వస్తాను. తెలియకపోతే అప్పుడు కోస్తాను" అంది.

"నువ్వు కోయనంటే కోసేవాళ్ళు ఇంకొకరు దొరుకుతారు" అన్నారు దివానుగారు. మేడలో ఆడవాళ్ళందరికీ దువ్వెనలు దాలమ్మే చేసేది. ఆ మాట వెనకాల ఏముందో ఆవిడకి అర్థమైంది. అయినా రంపం తీయలేదు.

జమీందారుగారు దాలమ్మ ముఖంలోకి చూశారు. ఏమనుకున్నారో, "సరే, మూడు రోజులు" అన్నారు.

దాలమ్మ ఆ దంతాన్ని పాత చీరలో చుట్టుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

మొదటి రోజు అరుగు మీద కూర్చుని దాన్ని పైనుంచి కింద దాకా చూసింది. అడవిపంది కోర అయితే మూడు పలకలుగా ఉంటుంది, చక్రంలా వంకర తిరుగుతుంది. ఇది కోడిగుడ్డు నొక్కినట్టు గుండ్రంగా, దాదాపు తిన్నగా ఉంది. మకరం అని వైద్యుడుగారన్నది మొసలి లాంటిదే కదా, మొసలి పన్ను లోపల అంతా డొల్ల. ఇది ఇనుములా బరువు. పంది కాదు, మొసలి కాదు.

రెండో రోజు దంతం మొదలు వైపు చూసింది. దవడలోంచి తీసేటప్పుడు అక్కడ కాస్త పెచ్చు ఊడింది. ఏనుగు దంతమైతే విరిగిన చోట జల్లెడ అల్లినట్టు గీతలు కనిపించాలి. గీతలు లేవు. పైన ఒక నున్నటి పొర, ఆ పొర లోపల మెరుస్తూ చిన్న చిన్న గింజలు గింజలుగా ఒక వింత పదార్థం. అలాంటిది ఆవిడ ఏ జంతువులోనూ చూడలేదు. ఎండకి పగులు పాకకుండా ఆ చివరికి మైనం గుడ్డ చుట్టి గట్టిగా కట్టేసింది.

కొస చూస్తే ఇంకా వింత. ఒక వైపు బాగా అరిగిపోయి ఉంది. సన్న సన్న గీరలు, వందలు వందలు. ఏ జంతువైనా పన్నుతో ఏం చేస్తుంది? కొరుకుతుంది, పొడుస్తుంది. ఈ పన్ను అలా అరగలేదు. చాలాకాలం పని చేసిన పనిముట్టు అరిగినట్టు అరిగింది. నా రంపం పిడి అరిగినట్టుందే అనుకుంది దాలమ్మ.

అప్పుడు గుర్తొచ్చాడు ఆవిడకి ఎల్లాజీ సరంగు.

సరంగు అంటే తెలుసా? ఓడలో పనివాళ్ళకి పెద్ద. ఎల్లాజీ వయసులో ఉన్నప్పుడు తెల్లవాళ్ళ ఓడ ఎక్కి ఎక్కడెక్కడో తిరిగి, ఆరేళ్ళ తర్వాత ఊరు చేరాడు. వచ్చాక ఒక కథ చెప్పేవాడు. సముద్రం రాయి అయిపోయిందనీ, దాని మీద తాను నడిచాననీ, అక్కడ పళ్ళతో నడిచే జంతువులున్నాయనీ. ఎవరు నమ్ముతారు? ఊరంతా కోతల సరంగు అని పేరు పెట్టింది. పెళ్ళాం గున్నమ్మకి తల కొట్టేసినట్టుండేది. ఆయన కథ మొదలుపెట్టగానే, "చాల్లే, పద ఇంటికి" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. ముసలితనంలో ఆయనకి చూపు పోయింది. కథ చెప్పడం కూడా మానేశాడు.

మూడో రోజు పొద్దున్నే దాలమ్మ దంతాన్ని ఎత్తుకుని సరంగు ఇంటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నాడు. కళ్ళు లేకపోయినా వేళ్ళు ఆగడం లేదు.

"తాతా, నేను దాలమ్మని. ఆ మంచు సముద్రం కథ అడుగుదామని వచ్చాను" అంది.

వేళ్ళు ఆగాయి. "నవ్వడానికొచ్చినావా పిల్లా, నమ్మడానికొచ్చినావా?" అన్నాడు.

దాలమ్మకి సిగ్గేసింది. "చిన్నప్పుడు నవ్వాను తాతా. ఈ వీధిలోనే నీ వెనకాల కోతల సరంగు, కోతల సరంగు అని అరుచుకుంటూ పరిగెత్తాను. అది కూడా చెప్పుకుందామనే వచ్చాను" అంది.

"తెలుసు. అందర్లోకీ నీ గొంతే గట్టిగా వినబడేది" అన్నాడు సరంగు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

దాలమ్మ దంతాన్ని ఆయన ఒళ్ళో పెట్టింది.

ముసలాయన చేతులు దాని మీద పడ్డాయి. అరిగిన కొస దాకా వెళ్ళాయి. ఆ గీరల మీద ఆగాయి. అంతే, దంతాన్ని ఎత్తి చెంపకి ఆనించుకున్నాడు.  లోపలి నుంచి గున్నమ్మ వచ్చి, ఏమిటా అని గుమ్మంలో నిలబడింది.

"ఇన్నేళ్ళకి వచ్చినావా" అన్నాడు సరంగు. దాలమ్మతో కాదు, దంతంతో.

ఆ తర్వాత లేచి నిలబడ్డాడు. "మేడకి పద దాలమ్మా. ఈ కథ ఇంకొక్కసారే చెబుతాను. నవ్వినోళ్ళందరి ముందూ చెబుతాను."

గున్నమ్మ అడ్డు రాబోయింది. చాల్లే అనే మాట నోటి దాకా వచ్చింది. మొగుడి ముఖం చూసి ఆ మాట మింగేసి, చెయ్యి పట్టుకుని తనే నడిపించింది.

సంగతి వాళ్ళకంటే ముందే వీధుల్లో పాకిపోయింది. వాళ్ళు చేరేసరికి మేడ సావిడి నిండా జనం. వలలు వదిలేసి వచ్చిన వాళ్ళు, అంగళ్ళు మూసి వచ్చిన వాళ్ళు. జమీందారుగారు, దివానుగారు, వైద్యుడుగారు, వేటగాడు, అందరూ ఉన్నారు. సరంగుని పీట మీద కూర్చోబెట్టారు.

"బాబూ, ఇది పళ్ళదున్న దంతం" అని మొదలుపెట్టాడు ఆయన.

"ఆ పేరు నాను పెట్టుకున్నదే. తిమింగలం నూనె కోసం పోయే ఓడ ఎక్కినాను. ఉత్తరం, ఉత్తరం, ఇంకా ఉత్తరం పోయినాం. పోగా పోగా ఒకరోజున పొద్దు గుంకలేదు. నీళ్ళ దాకా దిగినాడు సూర్యుడు, మునగకుండా మళ్ళీ పైకి లేచినాడు. అలాగ ఎన్నో రోజులు రాత్రే లేదు."

ఎవరో ఒకరు మూల నుంచి కిసుక్కుమన్నారు. సరంగు పట్టించుకోలేదు.

"ఆ తర్వాత సముద్రం నోరు మూసుకుంది. అల లేదు. హోరు లేదు. బాబూ, మనూళ్ళో పుట్టినోడు అమ్మ కడుపులోంచే వింటాడు ఆ హోరు. అది లేకపోతే నాకు చెవులు పోయినాయనుకున్నాను. తొంగి చూస్తే నీళ్ళు రాయి అయిపోయినాయి. తెల్లటి రాయి. కంటికి ఆనినంత మేరా అదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హోరు లేని సముద్రం ఎలా ఉంటుందా అని, సావిట్లో ఉన్న పడవ వాళ్ళందరూ ఒక్క క్షణం చెవులు రిక్కించారు. దూరంగా తమ సముద్రం వినిపిస్తూనే ఉంది.

"ఆ తెల్లదనం మీద గోధుమరంగు బండలు గుట్టలుగా పడున్నాయి. చూస్తుండగా ఒక బండ తలెత్తింది. చీపురుపుల్లల్లాంటి మీసాలు. ఆ మీసాల మధ్య నుంచి కిందికి రెండు పళ్ళు, ఇవే. కాళ్ళు లేవు, తెడ్లున్నాయి. ఏనుగులో సగముంటుంది ఒళ్ళు. ఒక తల్లి పిల్లని తెడ్లతో రొమ్ముకి హత్తుకుని కూచుంది. అచ్చం మన ఆడోళ్ళు కూచున్నట్టే కూచుంది."

 గున్నమ్మ ఆయన పక్కనే నేల చూపులు చూస్తూ కూర్చుని ఉంది.

"దగ్గర నుంచి చూద్దామని పోయినాను. నా కాలి కింద మంచు విరిగింది. నీళ్ళు కావవి, సూదులు. అంచు పట్టుకుంటే చెయ్యి జారిపోద్ది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారిపోద్ది. అరుద్దామంటే గొంతు బిగిసిపోయింది. ఇంకెంత, అయిపోయింది నా పని అనుకున్నాను. అప్పుడు నా పక్కనే, ఇదిగో ఈ దూరంలో, ఎప్పుడు దిగిందో, ఆ తల్లి నీళ్ళలోంచి తలెత్తింది. నన్ను చూసింది. పొడవలేదు. మెడ సాచి ఆ రెండు పళ్ళూ మంచులో దించింది. దించి, మెడ వంచి లాగింది. అంత ఒళ్ళూ, కొండ లేచినట్టు, ఆ రెండు పళ్ళ మీద నీళ్ళలోంచి పైకి లేచింది."

సరంగు రెండు పిడికిళ్ళూ బిగించి ముందుకి చాచాడు.

"నా మొలలో రెండు ఇనపమేకులున్నాయి. తాడు పేటలు విడదీసే మేకులు. తీసినాను. అది దించినట్టే దించినాను, అది లాగినట్టే లాగినాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి నా పొట్ట మంచు మీదకొచ్చింది. ఈత మా నాన్న నేర్పినాడు బాబూ. ఆ రోజు బతకడం మాత్రం ఆ తల్లే నేర్పింది."

అని కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. రెండు వేళ్ళకి కొసలు లేవు. మంచు కొరికేసిందని ఆయన చెబుతూనే ఉండేవాడు. కప్పీలో పడి నలిగాయని గున్నమ్మ ఊరందరికీ చెప్పుకుంది.

దివానుగారు గొంతు సవరించుకున్నారు. "కథ బాగానే ఉంది. దంతం చేతికి వచ్చాక దానికి తగ్గ కథ ఎవరైనా అల్లొచ్చు. రుజువేమిటి?"

సరంగు ఆ గొంతు వినబడిన వైపు తిరిగాడు. "ఓడలో మావోళ్ళు ఆ పళ్ళు కోసి కత్తిపిడులు చేసేవోళ్ళు. నాను చూసినాను. పైన పొర నున్నగుంటుంది. లోపల మాత్రం వండిన సగ్గుబియ్యంలా ఉంటుంది. గింజలు గింజలుగా, మెరుస్తూ."

 ఆ సంగతి దాలమ్మ ఎవరికీ చెప్పలేదు. మైనం గుడ్డ కట్టింది కట్టినట్టే ఉంది. ముసలాయన చేతులు ఆ గుడ్డ లోపలికి పోలేదు, పోయినా ఆయన కళ్ళకి మెరుపు తెలియదు.

ఆవిడ లేచి, ముడి విప్పి, దంతాన్ని జమీందారుగారి ముందు పెట్టింది. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూశారు. పెచ్చు ఊడిన చోట సగ్గుబియ్యం గింజలు తళుక్కుమన్నాయి. దివానుగారు చూశారు. వైద్యుడుగారు చూశారు. వేటగాడు చూసి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

దాలమ్మ ఒకే ఒక్క మాట అంది. "బాబూ, నేను దీన్ని కోయలేను."

"కోయకండి బాబూ" అన్నాడు సరంగు కూడా. "ఇది ఆ తల్లిదే అవదు. ఏ తల్లిదో, ఏ తండ్రిదో. చంపే తెచ్చుంటారు. దవడ నుంచి ఒకసారి కోసినారు కదా, చాలు."

జమీందారుగారు దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టారు. తర్వాత చిన్న కాగితం తెప్పించి, తనే కలం పట్టుకుని, పళ్ళదున్న దంతం అని రాశారు. దాని కింద, ఎల్లాజీ సరంగు చెప్పగా, అని కూడా రాశారు. ఆ గదిలో వస్తువు కింద మనిషి పేరు పడటం అదే మొదలు.

బీరువా మూయబోతుంటే జనం, ఒక్కసారి ముట్టుకుంటాం బాబూ అని అడిగారు. ఆయన సరేనన్నారు. ఒక్కొక్కరే వచ్చి, కొస మీది గీరల్ని వేలితో తాకి వెళ్ళారు. ఒక్కో గీరా ఒక్కోసారి మంచెక్కిన గుర్తు. మంచు అంటే ఏమిటో ఎప్పుడూ చూడని ఆ ఊరి జనం, ఎండాకాలం మధ్యాహ్నం, చెమటలు కారుతూ, వేలి కొసలతో మంచు సముద్రాన్ని తాకి చూశారు. కిసుక్కుమన్న మనిషి కూడా వచ్చాడు. తాకాక సరంగు కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

అందరూ వెళ్ళాక దాలమ్మా, సరంగూ, గున్నమ్మా మేడ మెట్లు దిగారు. వీధిలో కొంత దూరం నడిచాక గున్నమ్మ ఆగింది. ఆ కథ గురించి అన్నేళ్ళలో ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఇప్పుడు, మొగుడి చెయ్యి పట్టుకునే, మెల్లిగా అడిగింది.

"మరి, నీళ్ళలోంచి బయటికొచ్చాక కప్పుకోడానికి నీకెవరైనా ఏదైనా ఇచ్చినారా?"

సరంగు ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. 

"ఇచ్చినారే. కంబళి ఇచ్చినారు. వేడి వేడి గంజి కూడా ఇచ్చినారు."

"పోన్లే" అంది గున్నమ్మ. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం దాలమ్మ చూసింది. చూడనట్టు రెండడుగులు ముందుకి నడిచింది.

అదీ సంగతి. మీ బడి పుస్తకంలో ఆ జంతువు బొమ్మ కింద వాల్రస్ అని రాసుంటుంది. ఆ ఊళ్ళో మాత్రం అది పళ్ళదున్నే. ఇంక కళ్ళు మూసుకో నా తల్లీ, దుప్పటి సర్దుతాను.

పళ్ళదున్న పాకింది మంచుగడ్డ మీదికి,
సరంగు తాత నడిచాడు సందు చివరికి,
చెప్పిన కథ సాగింది కంచి ఊరికి,
నువ్వూ నేనూ పోదాం నిద్దరింటికి.